టెస్టులు నడుస్తూ జావా ప్రాసెస్ చచ్చిపోతే: మెమరీ పెంచే ముందు చూడాల్సినవి



పోయిన ఎపిసోడ్‌లో జావా టెస్టులు మధ్యలో చచ్చిపోవడం గురించి మాట్లాడుకున్నాం. "బస్సులో విన్నానన్నా, సగం పట్టుకున్నా, సగం జారిపోయింది, రాసి పెట్టవా" అని మెసేజ్‌లు వచ్చాయి. ట్రాన్‌స్క్రిప్టు ఎట్లాగూ పెడుతున్నాం. ఇక్కడ మాత్రం అదే విషయం వరుసగా, లెక్కలతో రాస్తున్నా. కమాండ్లు, సెట్టింగ్‌లు నోటితో పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కాను. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, దుబాయ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు ఐర్లాండ్ నడిమధ్యన అత్లోన్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. రెండేళ్లుగా రాత్రిపూట జావా నేర్చుకుంటున్నా. నడుము ఎల్లకాలం సైట్ మీద నిలబడనివ్వదు కదా. ఈ ఊళ్లో ఆ గాలి కూడా ఉంది. ఎరిక్సన్ వాళ్ల సాఫ్ట్‌వేర్ క్యాంపస్ ఇక్కడే ఉంది. 2021 అక్టోబర్‌లో అత్లోన్, లిమరిక్ ఇన్‌స్టిట్యూట్‌లు రెండూ కలిసి టెక్నలాజికల్ యూనివర్సిటీ ఆఫ్ ది షానన్ అయ్యాయి. మా అక్క కొడుకు మాస్టర్స్ చదవడానికి ఈ ఊరే వచ్చాడు. నా రూంలోనే ఉంటాడు. ఈ కథ వాడి ల్యాప్‌టాప్‌ది.

ఆ శుక్రవారం రాత్రి

వాడి ఫైనల్ ప్రాజెక్టు ఏంటంటే, సైట్ టైంషీట్లు చదివి ఓవర్‌టైం లెక్కగట్టే ప్రోగ్రాం. ఆలోచన నేనిచ్చిందే. సోమవారం డెమో. శుక్రవారం రాత్రి నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. మా అక్క బంగారం బ్యాంకులో పెట్టి వీడి ఫీజు కట్టింది. చదువు పూర్తయితేనే ఇక్కడ ఉద్యోగం వెతుక్కోవడానికి స్టాంప్ వన్ జీ వస్తుంది. కాబట్టి వాడి మొహం చూస్తే నాకూ గుండె జారింది.

"మామా, టెస్టులు నడుస్తూ నడుస్తూ సచ్చిపోతున్నయ్."

"మెమరీ ఎంత ఇచ్చినవ్ రా?"

"ముందు 512 ఎంబీ ఉండె. ఇప్పుడు 3 జీబీ చేసిన. అయినా పోతుంది. ఇంకా ముందుకంటే జల్దీ పోతుంది."

"ఇంతకుముందు రాసిందే రాస్తుందా?"

"లేదు మామా. ముందు ఔట్ ఆఫ్ మెమరీ అని వచ్చేది. ఇప్పుడు అది లేదు. ఫోర్క్‌డ్ వీఎం గుడ్‌బై చెప్పకుండ పోయింది అంటుంది, అంతే. ఆ నాలుగు టెస్టులు తీసేస్తా మామా, డెమోల ఎవలు చూస్తరు?"

సైట్ మీద మనిషి పడిపోతే సూపర్‌వైజర్ చేసే మొదటి పని ఏంటి? ఆ జాగాలో ఏదీ కదపనివ్వడు. పరంజా ఊడిందా, పైనుంచి ఏదైనా పడిందా, కాలు జారిందా చూస్తాడు. కారణం తెలియకుండా పరంజా ఎత్తు పెంచితే ఇంకొకడు పడతాడు. మావాడు చేసింది అదే. ప్రాసెస్ ఎట్లా చచ్చిందో చూడకుండా మెమరీ పెంచాడు.

ఫోర్క్ అంటే ఏంటి

జావా ప్రాజెక్టును మావెన్‌తో బిల్డ్ చేస్తే టెస్టులు నడిపేది ష్యూర్‌ఫైర్ అనే ప్లగిన్. అది టెస్టులను మావెన్ ప్రాసెస్‌లోనే నడపదు. వేరే జావా ప్రాసెస్‌ను లేపి, టెస్టులు దానికి అప్పజెప్పి, ఫలితాలు తెప్పించుకుంటుంది. ఆ వేరే ప్రాసెస్‌నే ఫోర్క్ అంటున్నాం. మెయిన్ కాంట్రాక్టర్ తన మనుషులతో కాకుండా, సబ్ కాంట్రాక్టర్ ముఠాతో పని చేయించినట్టు. దీనివల్ల లాభం ఉంది. ఏదో ఒక టెస్టు ప్రాసెస్‌ను కూల్చేసినా మావెన్ బతికే ఉంటుంది, ఏం జరిగిందో రిపోర్టు రాస్తుంది.

ఏమీ మార్చకపోతే ఒకే ఫోర్క్ లేస్తుంది, టెస్ట్ క్లాసులన్నీ ఆ ఒక్కదాంట్లోనే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఫోర్క్ కౌంట్ అనే సెట్టింగ్‌తో సంఖ్య పెంచుకోవచ్చు. అక్కడ "1సీ" అని రాస్తే ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని ఫోర్కులు లేస్తాయి. మావాడు త్వరగా అవుతుందని అదే రాశాడు. వాడి ల్యాప్‌టాప్‌లో 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, ఉబుంటు లినక్స్. అంటే 4 ముఠాలు ఒకేసారి పనిలోకి దిగుతున్నాయి.

మొదటి పొరపాటు: తప్పు చోట పెంచడం

3 జీబీ చేయకముందు వాడు ఇంకో పని చేశాడట. మావెన్ ఆప్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 4 జీబీ పెట్టాడు. ఏమీ మారలేదు. మారదు కూడా. అది మావెన్ సొంత ప్రాసెస్‌కు మాత్రమే. మెయిన్ కాంట్రాక్టర్ ఆఫీసు గది పెద్దది చేస్తే ముఠా నిలబడ్డ పరంజా పెద్దదవుతుందా?

ఫోర్క్ మెమరీ మార్చాలంటే పామ్ ఫైల్‌లో ష్యూర్‌ఫైర్ కాన్ఫిగరేషన్ కింద ఆర్గ్‌లైన్ అనే చోట రాయాలి. మైనస్ గుర్తు పెట్టి, ఎక్స్ఎంఎక్స్, ఆ పక్కనే అంకె, ఉదాహరణకు 1జీ. ఇది హీప్‌కు పైహద్దు. జావా ఆబ్జెక్టులన్నీ ఉండే గోదాంను హీప్ అంటారు.

టెస్ట్ కవరేజీ కోసం జాకోకో వాడేవాళ్లు జాగ్రత్త. జాకోకో కూడా తన మాట ఆర్గ్‌లైన్ ద్వారానే ఫోర్క్‌కు చెప్తుంది. మీరు అక్కడ నేరుగా మెమరీ ఒక్కటే రాస్తే దాని మాట చెరిగిపోయి, కవరేజీ సున్నా వస్తుంది. అందుకే ముందు అట్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్‌లో ఆర్గ్‌లైన్ అనే పదం, ఆ తర్వాత మీ మెమరీ రాయాలి.

గ్రేడిల్‌లోనూ ఇదే కథ. గ్రేడిల్ డాట్ ప్రాపర్టీస్ ఫైల్‌లో జేవీఎం ఆర్గ్స్ అని రాసేది గ్రేడిల్ డీమన్‌కు. టెస్ట్ వర్కర్‌కు ఏమీ చెప్పకపోతే 512 ఎంబీనే. దాన్ని టెస్ట్ బ్లాక్‌లో మ్యాక్స్ హీప్ సైజ్ అని విడిగా చెప్పాలి.

రెండో పొరపాటు: చంపింది ఎవరో చూడకపోవడం

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. మెమరీ వల్ల జావా ప్రాసెస్ రెండు రకాలుగా పోతుంది, రెండింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి విషం.

మొదటి రకం: తన హద్దు తానే తాకడం. హీప్‌కు 512 ఎంబీ ఇచ్చారు, అది నిండింది, చెత్త ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ ఎంత తిరిగినా ఖాళీ దొరకలేదు. అప్పుడు జావా తానే "ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్: జావా హీప్ స్పేస్" అని చెప్తుంది. మెషీన్‌లో ఇంకా బోలెడు ర్యామ్ ఉండొచ్చు. ఇక్కడ హద్దు పెంచితే పని జరగొచ్చు.

రెండో రకం: లినక్స్ చంపేయడం. ప్రాసెస్‌లన్నీ కలిపి మెషీన్ ర్యామ్‌ను మింగేస్తే, మొత్తం మెషీన్ ఆగిపోకుండా కెర్నల్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపుతుంది. దీన్ని ఓఓఎం కిల్లర్ అంటారు. ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్సే మామూలుగా దాని కంట పడుతుంది. అది పంపేది సిగ్‌కిల్, 9వ నంబర్ సిగ్నల్. దాన్ని అందుకున్న ప్రాసెస్‌కు ఒక్క మాట చెప్పే టైం ఉండదు. ఎర్రర్ లేదు, లాగ్ లేదు. అవతల ఎదురుచూస్తున్న ష్యూర్‌ఫైర్‌కు తెలిసింది ఒక్కటే, ముఠా చెప్పకుండా వెళ్లిపోయింది. అందుకే "గుడ్‌బై చెప్పకుండా పోయింది" అని రాస్తుంది. ఇక్కడ హద్దు పెంచితే ఒక్కో ప్రాసెస్ ఇంకా మింగుతుంది, ఇంకా త్వరగా చస్తుంది.

గుర్తుపట్టడం ఎట్లా? ష్యూర్‌ఫైర్ ఎర్రర్ కిందనే ప్రాసెస్ ఎగ్జిట్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. 137 అని ఉంటే, 128కి 9 కలిపితే వచ్చేది అదే, సిగ్‌కిల్ తగిలిందన్నమాట. 137 ఒక్కటే రుజువు కాదు, ఇంకెవరైనా కిల్ కొట్టి ఉండొచ్చు. అందుకే టెర్మినల్‌లో సుడో డీమెసేజ్ కొట్టి (డీ, ఎం, ఈ, ఎస్, జీ అక్షరాలు) చూడండి. "ఔట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్" అనే లైన్‌లో జావా పేరు కనబడితే ఇక అనుమానం లేదు.

మేమిద్దరం ఆ రాత్రి అదే చూశాం. కోడ్ 137. డీమెసేజ్‌లో జావా పేరుతో రెండు లైన్లు. "మామా, నేను ఇన్ని దినాలు జావాను తిట్టిన, చంపింది లినక్సా" అన్నాడు.

విండోస్‌లో ఇట్లా చంపేవాడు లేడు. అక్కడ మెమరీ దొరక్క జావాయే కూలిపోయి, హెచ్ఎస్ ఎర్ పిడ్ అనే పేరుతో మొదలయ్యే ఫైల్ ఒకటి వదిలిపోతుంది. డాకర్‌లో నడిపితే మెషీన్ ర్యామ్ కాదు, కంటెయినర్‌కు ఇచ్చిన హద్దు లెక్క. అది దాటితే అక్కడా 137తోనే పోతుంది.

మా లెక్క

క్రేన్‌తో బరువు ఎత్తే ముందు లోడ్ చార్ట్ చూస్తాం. బరువు ఒక్కటే కాదు, హుక్, స్లింగ్, గొలుసుల బరువు కూడా కలుపుతాం. జావాలో కూడా అంతే. ఎక్స్ఎంఎక్స్ 1 జీబీ అంటే ప్రాసెస్ 1 జీబీ తింటుందని కాదు. అది హీప్ ఒక్కదానికే. క్లాసుల వివరాలుండే మెటాస్పేస్ వేరు. థ్రెడ్ ఒక్కోదానికి స్టాక్ వేరు, 64 బిట్ లినక్స్‌లో మామూలుగా 1 ఎంబీ దాకా. కంపైల్ అయిన కోడ్, డైరెక్ట్ బఫర్లు, గార్బేజ్ కలెక్టర్ సొంత సామాను అన్నీ పైన.

మావాడి లెక్క చూడండి. 4 ఫోర్కులు, ఒక్కోదానికి 3 జీబీ హీప్. హీప్‌లే 12 జీబీ. ఉన్నది 8. చిన్నపిల్లాడైనా చెప్తాడు ఇది నిలబడదని. కానీ జావా ముందే మొత్తం పట్టుకోదు, అవసరం కొద్దీ పెంచుకుంటుంది. అందుకే మొదలు బాగానే నడిచి, మధ్యలో ల్యాప్‌టాప్ నత్తలా మారి, తర్వాత చచ్చేది.

మేము కాగితం మీద రాసుకున్నది ఇది:

మొత్తం ర్యామ్ 8 జీబీ.
ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, ఎడిటర్‌కు 3 జీబీ.
మావెన్ సొంతానికి 1 జీబీ.
ఫోర్కులకు మిగిలింది 4 జీబీ.
ఒక్కో ఫోర్క్‌కు హీప్ 1 జీబీ, పైఖర్చు అర జీబీ, మొత్తం ఒకటిన్నర.
2 ఫోర్కులకు 3 జీబీ. చేతిలో 1 జీబీ మిగులు.

హీప్‌లో సగం పైఖర్చు అనేది మా చేతి అంచనా, రూలు కాదు. మీ ప్రాజెక్టులో టాప్ కమాండ్‌తో నిజంగా ఎంత తింటుందో చూసుకుని వేసుకోండి. మిగులు మాత్రం తప్పకుండా ఉంచండి. క్రేన్‌ను ఎవరూ అంచుదాకా ఎత్తించరు.

ఫోర్క్ కౌంట్ 2, హీప్ 1 జీబీ పెట్టి నడిపాం. ఈసారి 137 రాలేదు. కానీ మళ్లీ పాత ఎర్రర్ వచ్చింది: జావా హీప్ స్పేస్. మావాడు నీరసపడ్డాడు. నేను మాత్రం "ఇప్పుడే దారికొచ్చింది రా అల్లుడా" అన్నా. ఎందుకంటే ఇప్పుడు చచ్చేది తనంతట తాను. మాట చెప్పి చస్తుంది. ఆ మాట వినొచ్చు.

చచ్చిన టెస్టే దొంగ కాదు

ష్యూర్‌ఫైర్ రిపోర్టులో "క్రాష్డ్ టెస్ట్స్" అని పేర్లు వస్తాయి. మావాడు తీసేస్తానన్న నాలుగు టెస్టులు అవే. కానీ ఆ పేర్లు చెప్పేది ఏంటి? ప్రాసెస్ పోయే సమయానికి నడుస్తున్నది అది అని మాత్రమే. పరంజా మీద పొద్దుటి నుంచి ఇటుకలు పేర్చింది ఒకడు, సాయంత్రం ఎక్కి పడింది ఇంకొకడు. పడ్డవాణ్ణి తిట్టి ఇంటికి పంపితే ఇటుకలు అక్కడే ఉంటాయి.

ఇటుకలు ఎవరు పేర్చారో చూడాలంటే హీప్ డంప్ కావాలి. ఆర్గ్‌లైన్‌లో మెమరీ పక్కనే "హీప్ డంప్ ఆన్ ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్" అనే ఆప్షన్ పెట్టాం. మైనస్, డబుల్ ఎక్స్, కోలన్, ప్లస్, ఆ తర్వాత ఈ పదాలన్నీ కలిపి ఒకే మాటగా. హీప్ నిండిన క్షణంలో అందులో ఏమేం ఉన్నాయో మొత్తం ఒక ఫైల్‌లోకి దించుతుంది. ఇది మొదటి రకం చావుకే పనికొస్తుంది. సిగ్‌కిల్ తగిలితే డంప్ రాసే టైం ఉండదు.

ఆ ఫైల్‌ను ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో తెరిచాం. ఉచితంగా దొరుకుతుంది. లీక్ సస్పెక్ట్స్ రిపోర్టులో పెద్ద ముక్క ఒకటే కనిపించింది, ఒక అరే లిస్ట్. టెస్టులన్నిటికీ తల్లిగా పెట్టుకున్న క్లాసులో స్టాటిక్ లిస్ట్ ఒకటి ఉంది. చదివిన ప్రతి టైంషీట్ లైన్ అందులో పడుతుంది, ఎవరూ ఖాళీ చేయరు. క్లాసులన్నీ ఒకే ఫోర్క్‌లో వరుసగా నడుస్తాయి కదా, స్టాటిక్‌లో పడ్డది ప్రాసెస్ చచ్చేదాకా ఉంటుంది. ఒక క్లాసు వదిలిన చెత్త తర్వాతి క్లాసు మోస్తుంది.

ఆఫ్టర్ ఆల్‌లో ఆ లిస్ట్‌ను ఖాళీ చేసే ఒక్క లైన్ రాశాడు. అంతే. తర్వాత పందానికి హీప్‌ను మళ్లీ 512 ఎంబీకి దించి నడిపాం. అన్నీ నడిచాయి. మొదట ఇచ్చిన మెమరీనే సరిపోయేది.

రీయూజ్ ఫోర్క్స్ అనేదాన్ని ఫాల్స్ చేస్తే ప్రతి టెస్ట్ క్లాసుకూ కొత్త ప్రాసెస్ లేస్తుంది, చెత్త మిగలదు. కానీ ప్రతిసారీ కొత్త జేవీఎం లేపాలి కాబట్టి టైం బాగా పెరుగుతుంది. రేపు పొద్దున డెమో ఉంటే వాడుకోండి, అదే వైద్యం అనుకోకండి. స్ప్రింగ్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోండి. టెస్టుల మధ్య అప్లికేషన్ కాంటెక్స్ట్‌లను అది దాచిపెడుతుంది, మామూలుగా 32 దాకా. టెస్టు టెస్టుకూ సెట్టింగ్ కొంచెం కొంచెం మారిస్తే అన్ని కాంటెక్స్ట్‌లు పోగుపడతాయి.

ఒక హెచ్చరిక. హీప్ డంప్‌లో ప్రోగ్రాం పట్టుకున్న డేటా మొత్తం ఉంటుంది: పేర్లు, జీతాలు, పాస్‌వర్డ్‌లు. సాయం అడగడానికి తెలియనివాళ్లకు ఆ ఫైల్ పంపొద్దు. రిపోర్టులో అవసరమైన ముక్క చూపిస్తే చాలు.

మీ దగ్గర జరిగితే ఈ వరుసలో చూడండి

1. ఏదీ మార్చకముందు ఎర్రర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. టార్గెట్ ఫోల్డర్‌లో ష్యూర్‌ఫైర్ రిపోర్ట్స్ లోపల డంప్, డంప్‌స్ట్రీమ్ అని ముగిసే ఫైళ్లుంటే తెరిచి చూడండి.

2. ఎగ్జిట్ కోడ్ చూడండి. 137 అయితే డీమెసేజ్ చూడండి. 134 అయితే జేవీఎం తానే కూలిందని అర్థం, హెచ్ఎస్ ఎర్ పిడ్ ఫైల్ వెతకండి.

3. ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ ఉంటే కోలన్ తర్వాత ఏముందో చదవండి. జావా హీప్ స్పేస్ అయితే హీప్ సంగతి. మెటాస్పేస్ అని ఉంటే ఎక్స్ఎంఎక్స్ పెంచి లాభం లేదు, అది క్లాసుల గోదాం. నేటివ్ థ్రెడ్ సృష్టించలేకపోయా అని ఉంటే థ్రెడ్లు ఎక్కువయ్యాయి. అప్పుడు హీప్ పెంచితే ఇంకా ఇరుకవుతుంది.

4. ఫోర్క్‌ల సంఖ్యను ఒక్కోదాని మెమరీతో గుణించి, పైఖర్చు కలిపి, మెషీన్ ర్యామ్‌తో పోల్చండి. కాగితం, పెన్ను చాలు.

5. ఎర్రర్ వచ్చాక ఫోర్క్ చావకుండా, కదలకుండా వేలాడుతుంటే "ఎగ్జిట్ ఆన్ ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్" ఆప్షన్ పెట్టండి. ఒక థ్రెడ్‌కు మెమరీ దొరక్కపోతే ఆ థ్రెడ్ ఒక్కటే పోయి, మిగతావి సగం ప్రాణంతో నడుస్తుంటాయి. అట్లాంటి ప్రాసెస్ ఇచ్చే ఫలితం నమ్మలేం. ఈ ఆప్షన్‌తో అది వెంటనే 3వ నంబర్ కోడ్‌తో బయటికి వస్తుంది. అయినా మొరాయిస్తే, ష్యూర్‌ఫైర్‌లో ఫోర్క్‌డ్ ప్రాసెస్ టైమౌట్ ఇన్ సెకండ్స్ అనే సెట్టింగ్ ఉంది. ఇచ్చిన సెకన్లు దాటితే ఫోర్క్‌ను ఆపేస్తుంది.

6. మెమరీ పెంచడం చివరి పని. పెంచినా, హీప్ డంప్ చూసి, ఇంత నిజంగా కావాలని తేలాకే పెంచండి.

చివరికి ఏమైంది

శనివారం తెల్లవారుజామున టెస్టులన్నీ చివరిదాకా నడిచాయి. అన్నీ పాస్ కాలేదు. ఒకటి ఫెయిలైంది. మెమరీ గోల లేకుండా, మామూలుగా, లెక్క తప్పని ఫెయిలైంది. రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగిన షిఫ్ట్‌కు 8 గంటలు రావాలి. ప్రోగ్రాం సున్నా ఇచ్చింది. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది, అది చూసుకోలేదు. మావాడు తీసేస్తానన్న నాలుగు టెస్టుల్లో ఒకటి అది.

నైట్ షిఫ్ట్ చేసి, స్లిప్‌లో గంటలు తక్కువ పడితే ఆఫీసు చుట్టూ తిరిగిన బాధ మనలో చాలామందికి తెలుసు. ఆ టెస్టు తీసేసి ఉంటే డెమో సాఫీగా అయ్యేదే. తర్వాత ఎవడో ఒకడి రాత్రి కూలీ గల్లంతయ్యేది. వాడు దాన్ని సరిచేసి, సోమవారం డెమో ఇచ్చాడు. మెమరీ కథ కూడా చెప్పాడట. పాసయ్యాడు. అక్కకు ఫోన్ చేస్తే ముందు బంగారం సంగతే అడిగింది. అది విడిపించడానికి ఇంకా టైం పడుతుంది, ముందు ఉద్యోగం రానీ అన్నా.

మీ టెస్టులు చస్తుంటే ఎర్రర్ మొత్తం, ఎగ్జిట్ కోడ్, మెషీన్ ర్యామ్, ఫోర్క్ కౌంట్, ఈ నాలుగూ రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కూర్చుని కలిసి లెక్క వేద్దాం. హీప్ డంప్ మాత్రం పంపకండి.

పని మీద జాగ్రత్త. ఉంటాను.